ఆన్‌లైన్ వీడియో: ఇంటి టీవీలో, చేతిలోని ఫోన్‌లో

ఇంటర్నెట్ ద్వారా వచ్చే వీడియోను ఇంటి టీవీలోనో, సెల్‌ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్ వంటి వెంట తీసుకెళ్లే పరికరాల్లోనో చూడడం గత ఇరవై ఏళ్లలో లోకమంతా పాకిన అలవాటు. యాంటెన్నా, కేబుల్, డిష్ ద్వారా వచ్చే ప్రసారానికీ దీనికీ అసలు తేడా ఒక్కటే. ప్రసారంలో ఒక్క సిగ్నల్ బయలుదేరితే చాలు, దాన్ని పదిమంది పట్టుకున్నా పదికోట్ల మంది పట్టుకున్నా పంపేవారి పని పెరగదు. ఆన్‌లైన్‌లో అలా కాదు. చూసే ప్రతి ఒక్కరికీ ఒక ప్రతి విడిగా వెళ్లాలి. అది అడిగినప్పుడే వెళ్తుంది, అడిగిన చోటి నుంచి మొదలవుతుంది, వారి లైను మోయగలిగినంత నాణ్యతతోనే చేరుతుంది. కోరిన వేళకు సినిమా దొరకడం, మ్యాచ్ మధ్యలో బొమ్మ నిలిచిపోయి సుడి తిరగడం, పల్లెటూరి అవ్వ వంటకు దేశదేశాల ప్రేక్షకులు రావడం, మనం ఏ సన్నివేశం దగ్గర ఆపేశామో ఎక్కడో నమోదు కావడం, ఇవన్నీ ఈ ఒక్క తేడాలోంచి పుట్టినవే.

తొలి అడుగులు

నెట్‌లో కదిలే బొమ్మను పంపే ప్రయత్నాలు యూట్యూబ్ కంటే చాలా ముందే జరిగాయి. 1993 జూన్ 24న కాలిఫోర్నియాలో ‘సివియర్ టైర్ డ్యామేజ్’ అనే సంగీత బృందం తన కచేరీని ఇంటర్నెట్ మీద ప్రత్యక్షంగా పంపింది. ఆ బృందంలోని వారు కంప్యూటర్ రంగంలో పనిచేసేవారే. కొన్నేళ్లకు రియల్‌ప్లేయర్ వంటి సాఫ్ట్‌వేర్లు సామాన్యులకు అందాయి. కానీ అప్పట్లో ఇళ్లకు వచ్చేది ఫోను తీగ మీద సెకనుకు 56 కిలోబిట్లకు మించని కనెక్షన్. చిన్న చదరంలో బొమ్మ ఆగి ఆగి కదిలేది.

చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావెద్ కరీం 2005 ఫిబ్రవరిలో యూట్యూబ్ మొదలుపెట్టారు. ఏప్రిల్ 23న అందులోకి ఎక్కిన మొదటి వీడియో నిడివి 19 సెకన్లు, అందులో కరీం జూలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడతాడు. మరుసటి ఏడాది అక్టోబరులో గూగుల్ ఆ సంస్థను 165 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఇక 2007 సంవత్సరం ఈ చరిత్రలో చాలా ముఖ్యమైనది. అప్పటిదాకా డీవీడీలను తపాలాలో పంపుతూ వచ్చిన నెట్‌ఫ్లిక్స్ ఆ జనవరిలో నేరుగా చూసే సౌకర్యం ఇచ్చింది. యాపిల్ ఐఫోన్ అదే ఏడాది మార్కెట్‌లోకి వచ్చింది. బ్రిటన్‌లో బీబీసీ తన వీడియో సేవ ఐప్లేయర్‌ను క్రిస్మస్ రోజున ప్రజలకు అందించింది.

ఐఫోన్ రాకతో తెర వెనుక పెద్ద మార్పు జరిగింది. అప్పట్లో నెట్ వీడియో ఎక్కువగా అడోబీ ఫ్లాష్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ మీద నడిచేది, ఐఫోన్ దాన్ని ఒప్పుకోలేదు. ఫ్లాష్‌ను ఎందుకు వద్దంటున్నారో చెబుతూ యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ రాశాడు. వీడియో సంస్థలు దారి మార్చుకున్నాయి, 2020 చివరికి ఫ్లాష్‌కు అడోబీయే స్వస్తి చెప్పింది. ఈరోజు ఏ కంపెనీ ఫోన్‌లోనైనా, ఏ బ్రౌజర్‌లోనైనా అదనంగా ఏదీ దించుకోకుండానే వీడియో ఆడుతోందంటే అందుకు ఆ మార్పే కారణం.

బొమ్మ తెరకు చేరే దారి

ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి, అంటే ఒక్క ఫ్రేములో దాదాపు 20.7 లక్షల చుక్కలు. ప్రతి చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 25 ఫ్రేములు వేసుకుంటే సెకనుకు 124 కోట్ల బిట్లు అవుతాయి. ఇంటి కనెక్షన్ మీద ఫుల్ హెచ్‌డీ చూడడానికి నెట్‌ఫ్లిక్స్ సూచించే వేగం సెకనుకు 5 మెగాబిట్లు, అంటే 50 లక్షల బిట్లు. అసలు బొమ్మను సుమారు 250వ వంతుకు కుదిస్తే గానీ ఆ దారిలో పట్టదు.

కుదించే పనిని కోడెక్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. వార్తలు చదివే మనిషిని తీసుకోండి. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య వెనకున్న గోడ మారదు, బల్ల మారదు, పెదవులూ కనురెప్పలూ మారతాయి. మారనిదాన్ని మళ్లీ పంపకుండా మారినదాన్నే పంపడం ఇందులో కీలకం. అందుకే స్టూడియో చర్చ తక్కువ డేటాతో శుభ్రంగా వస్తుంది. వాన కురిసే దృశ్యం, రంగులు చల్లుకునే పాట, స్టేడియంలో ఊగే జనం మాత్రం గళ్లుగళ్లుగా విరిగిపోతాయి. 2003లో వచ్చిన హెచ్.264 కోడెక్ ఇప్పటికీ విస్తారంగా వాడుకలో ఉంది. తర్వాత 2013లో హెచ్‌ఈవీసీ, వీపీ9, 2018లో ఏవీ1 వచ్చాయి. కొత్త కోడెక్ తక్కువ బిట్లలో అదే నాణ్యత ఇస్తుంది కానీ దాన్ని విప్పి చూపే శక్తి పరికరంలోని చిప్‌కు ఉండాలి. పాత టీవీ కొత్త వీడియోల ముందు తడబడేది ఈ కారణంగానే.

కుదించిన వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కను నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి పెడతారు. మన ఫోన్‌లోనో టీవీలోనో ఉన్న ప్లేయర్ మొదట ఒక ముక్క తెప్పించుకుని, అది ఎంత త్వరగా చేరిందో లెక్కగట్టి, దాన్ని బట్టి తర్వాతి ముక్క ఏ నాణ్యతలో కావాలో అడుగుతుంది. సినిమా మొదలైన కొన్ని క్షణాలు మసకగా ఉండి తర్వాత తేటపడడం వెనక ఈ బేరమే ఉంది. ఇంకా రావలసిన ముక్కల్లో కొన్నింటిని ముందే తెచ్చి నిల్వ ఉంచుకోవడమే బఫరింగ్, ఆ నిల్వ అడుగంటితే తెర మీద సుడి తిరుగుతుంది. యాపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణమైన డ్యాష్ ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

మనిషికొక ప్రతి పంపాలంటే అమెరికాలోని ఒక్క సర్వర్ నుంచి సాధ్యం కాదు. అందుకే ఎక్కువ మంది అడిగే వీడియోల ప్రతులను ఊరూరా గోదాములు పెట్టినట్టు ముందే నగరాల్లో నిల్వ చేస్తారు. 1998లో ఏర్పడ్డ అకమై ఇలాంటి సేవల్లో పాతది. నెట్‌ఫ్లిక్స్ అయితే తన సొంత నిల్వ పెట్టెలను ఇంటర్నెట్ సంస్థల కార్యాలయాల్లోనే పెట్టిస్తోంది. హైదరాబాద్‌లో మనం చూసే సినిమా సముద్రాలు దాటి రావడం అరుదు, అది చాలావరకు మన సమీపంలోని పెట్టెలోంచే వస్తుంది.

టీవీకి నెట్ ఎలా వచ్చింది

మొదట్లో ఆన్‌లైన్ వీడియో కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని చూసేది. దాన్ని హాల్లోకి, సోఫా ముందుకు తేవడానికి ఎన్నో పరికరాలు పోటీ పడ్డాయి. 2007లో యాపిల్ టీవీ, 2008లో నెట్‌ఫ్లిక్స్ కోసమే తయారైన రోకు పెట్టె, అదే ఏడాది చివర్లో ఎక్స్‌బాక్స్ 360 ఆటల యంత్రం ఈ దారి పట్టాయి. 2013 జులైలో గూగుల్ 35 డాలర్లకే తెచ్చిన క్రోమ్‌కాస్ట్‌తో ధర అడ్డంకి తొలగింది. మరుసటి ఏడాది అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ వచ్చింది. హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్న ఏ పాత టీవీ అయినా ఈ చిన్న పుల్లతో స్మార్ట్ టీవీ అయిపోతుంది.

ఫోన్ నుంచి టీవీకి ‘క్యాస్ట్’ చేయడం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఫోన్‌లోని బొమ్మే గాలిలో టీవీకి వెళ్తుందనుకుంటారు. యూట్యూబ్ వంటి యాప్‌లో ఆ గుర్తు నొక్కినప్పుడు ఫోన్ ఆ వీడియో చిరునామాను మాత్రమే టీవీకి చెబుతుంది, టీవీ తానే నెట్‌లోంచి వీడియోను తెచ్చుకుంటుంది. అందుకే ఆ తర్వాత ఫోన్‌లో మాట్లాడుకున్నా, దాన్ని పక్కన పెట్టేసినా టీవీలో సినిమా ఆగదు. స్క్రీన్ మిర్రరింగ్ వేరు. అందులో ఫోన్ తెర మీద కనిపించేదంతా క్షణక్షణం వైఫై మీద టీవీకి చేరాలి, ఫోన్ బ్యాటరీ ఖర్చవుతుంది, బొమ్మ తడబడుతుంది, వచ్చిన మెసేజీలు ఇంటిల్లిపాదికీ కనిపిస్తాయి. రెండూ ఉన్నచోట క్యాస్ట్‌నే వాడడం మేలు.

ఇంట్లో వచ్చే చిక్కులు చాలావరకు చిన్నవే. స్టిక్‌కు కరెంటును గోడ ప్లగ్గు నుంచి కాకుండా టీవీ వెనకున్న యూఎస్‌బీ నుంచి ఇస్తే శక్తి చాలక అది మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతుంది. వైఫై రూటర్ గుమ్మం దగ్గర, టీవీ రెండు గోడల అవతల ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను మెరుగ్గా దాటుతుంది కానీ వేగం తక్కువ, పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ అందులోనే రద్దీ చేస్తాయి. వీలుంటే రూటర్ నుంచి టీవీకి ఒక లాన్ తీగ వేసుకోవడాన్ని మించిన మందు లేదు.

స్మార్ట్ టీవీ కొనేవారికి దుకాణంలో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ప్యానెల్ పదేళ్లు నిలుస్తుంది, లోపలి చిప్, యాప్‌లు అంతకాలం నిలవవు. 2019 డిసెంబరులో కొన్ని పాత శామ్‌సంగ్ టీవీల్లో, పాత రోకు పెట్టెల్లో నెట్‌ఫ్లిక్స్ పనిచేయడం మానేసింది. బొమ్మ చక్కగా ఉన్న టీవీని ఆ కారణంగా పారేయనక్కరలేదు, ఒక స్టిక్ తగిలించుకుంటే సరిపోతుంది.

ఇక ఇళ్లలోని పెద్దల మాట. ఒకప్పుడు మీట నొక్కితే బొమ్మ వచ్చేది. ఇప్పుడు టీవీకో రిమోట్, సెట్‌టాప్ బాక్స్‌కో రిమోట్, స్టిక్‌కో రిమోట్. ‘బొమ్మ రావట్లేదు’ అని ఊళ్లోని తల్లి పట్నంలోని కొడుక్కి ఫోన్ చేస్తే, తీరా చూస్తే టీవీ హెచ్‌డీఎంఐ 1 బదులు 2 మీద ఉంటుంది. ఈ అసౌకర్యాన్ని తయారీదారులు చిన్నదిగా చూడడం న్యాయం కాదు. నోటితో చెబితే వినే రిమోట్లు కొంత మేలు చేశాయి. ఎంచుకునే పని లేకుండా చానెల్ మాదిరి నిరంతరం నడిచే ఉచిత నెట్ చానెళ్లు కూడా వచ్చాయి, శామ్‌సంగ్ టీవీ ప్లస్ 2021లో భారత్‌లో మొదలైంది.

చేతిలోని తెర

భారతదేశంలో ఆన్‌లైన్ వీడియో ఎక్కువమందికి పరిచయమైంది ఫోన్‌లోనే. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధరలు కుప్పకూలాక రైల్లో, బస్సులో, పొలం గట్టు మీద, దుకాణం గల్లాపెట్టె వెనక వీడియో చూడడం మామూలైపోయింది. అంతకుముందు నెట్ దొరకడమే కష్టమైన రోజుల్లో, 2014 డిసెంబరులో, యూట్యూబ్ వీడియోను దాచుకుని తర్వాత చూసే సౌకర్యాన్ని భారత్‌కు ఇచ్చింది. నెట్‌ఫ్లిక్స్ 2019 జులైలో ఫోన్‌లో మాత్రమే చూసే 199 రూపాయల పథకం తెచ్చి, 2021 డిసెంబరులో దాన్ని 149కి తగ్గించింది.

ప్యాక్ లెక్క చూసుకునేవారికి చిన్న గుణకారం ఉపయోగపడుతుంది. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున చూస్తే గంటకు 2.25 జీబీ ఖర్చు, అంటే రోజుకు 1.5 జీబీ ఇచ్చే రీచార్జ్ 40 నిమిషాల్లో ఆవిరి. నాణ్యతను 480పీకి దించి సెకనుకు 1 మెగాబిట్‌తో సరిపెట్టుకుంటే అదే ప్యాక్ మూడు గంటల ఇరవై నిమిషాలు, అంటే ఒక పెద్ద తెలుగు సినిమా అంతసేపు వస్తుంది. ఆరంగుళాల తెర మీద ఆ తేడా కంటికి పెద్దగా ఆనదు, 55 అంగుళాల టీవీ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కొన్ని ఫోన్లలో తెర ఫుల్ హెచ్‌డీ అయినా ఓటీటీలో, అంటే నెట్ ద్వారా సినిమాలు చూపే సేవల్లో, సినిమా మసకగానే వస్తుంది. ఇది నెట్ లోపం కాదు. కాపీ కాకుండా వీడియోకు వేసే తాళాల్లో గూగుల్ వారి వైడ్‌వైన్ ఒకటి. అందులో ఎల్1 స్థాయి ధ్రువీకరణ ఉన్న పరికరానికే చాలా సంస్థలు హెచ్‌డీ ఇస్తాయి, ఎల్3 మాత్రమే ఉంటే తక్కువ నాణ్యతతో సరిపెడతాయి. కొనేముందు అడిగి తెలుసుకోవలసిన సంగతి ఇది.

క్రికెట్ పెట్టిన పరీక్ష

మనిషికొక ప్రతి అనే పద్ధతికి అసలైన పరీక్ష ప్రత్యక్ష ప్రసారం. సినిమానైతే ముందే గోదాములకు చేర్చవచ్చు, ఇంకా వెయ్యని బంతిని ఎవరూ ముందే చేర్చలేరు. ప్రపంచంలో ఈ పరీక్ష అందరికంటే తీవ్రంగా ఎదురైంది భారత్‌లోనే. 2019 జులైలో మాంచెస్టర్‌లో న్యూజీలాండ్‌తో జరిగిన ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో చూసినవారి సంఖ్య 2.53 కోట్లకు చేరింది. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌కు అది 5.9 కోట్లు దాటింది. ఆ ప్రపంచకప్‌ను ఫోన్లలో ఉచితంగా చూపించారు.

జనం ఎక్కువగా ఉండడం కంటే జనం ఒక్కసారిగా కదలడమే ఇంజినీర్లకు భయం. ఆ సెమీఫైనల్‌లో ధోనీ క్రీజులో ఉన్నంతసేపూ సంఖ్య ఎక్కుతూ పోయింది. అతను రనౌట్ కాగానే కోట్లమంది ఒకేసారి వెనక్కి నొక్కారు. వారంతా వెళ్లి పడేది యాప్ మొదటి పేజీ మీద. అక్కడ ఒక్కొక్కరికీ వారివారి అభిరుచికి తగ్గ బొమ్మల వరసలు పేర్చి ఇవ్వాలి. వీడియో పంపడం కంటే అది బరువైన పని. అందుకే సర్వర్లను అవసరం వచ్చాక పెంచడం కుదరదు, ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. ఈ విద్యలో మన ఇంజినీర్లు సాధించినది నిజంగా గర్వించదగ్గది.

ఒక్క లోటు మాత్రం పూర్తిగా తీరలేదు. ముక్కలుగా కోయడం, నిల్వ ఉంచుకోవడం వల్ల ఆన్‌లైన్ మ్యాచ్ సాధారణంగా కేబుల్ కంటే కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనకబడుతుంది. మన ఫోన్‌లో బౌలర్ పరుగెత్తుతుండగానే పక్కింట్లోంచి వికెట్ పడిన కేక వినిపిస్తుంది.

తెలుగువారి తెరలు

1975–76లో ‘సైట్’ అనే ప్రయోగం ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపింది. ఊరికొక సెట్టు, దాని ముందు ఊరంతా. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక కూడా చాలాకాలం వాడకొక టీవీయే. ఆ తరం కళ్లముందే ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు తెరలు చూస్తున్నారు. కలిసి చూడడం తగ్గిన మాట నిజమే. అయితే పెద్ద టీవీకి నెట్ వచ్చాక ఆదివారం మధ్యాహ్నం అందరూ కలిసి ఒక సినిమా పెట్టుకోవడం మళ్లీ కనిపిస్తోంది.

నెట్ టీవీ అవసరం అందరికంటే ముందు తట్టింది ప్రవాసులకు. అమెరికాలోని తెలుగువారు ఒకప్పుడు ఇండియన్ కిరాణా దుకాణాల్లో క్యాసెట్లు, డీవీడీలు అద్దెకు తెచ్చుకునేవారు. 2006లో ఉదయ్ రెడ్డి స్థాపించిన యప్‌టీవీ దేశీయ చానెళ్లను నెట్ ద్వారా వారికి చేర్చింది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి 2017 డిసెంబరు 27న ఫైబర్‌నెట్‌ను ప్రారంభించింది. నెలకు 149 రూపాయలకు టీవీ చానెళ్లు, నెట్ కలిపి ఇవ్వడం ఆనాటికి పెద్ద సాహసం.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. అదే నెల 25న, ఉగాది రోజున, అప్పట్లో తెలుగుకే ప్రత్యేకించిన ‘ఆహా’ ఓటీటీ పూర్తిస్థాయిలో మొదలైంది. నెట్ మీద భారం తగ్గించడానికి వీడియో సంస్థలు మొబైల్ నెట్‌వర్క్‌లో హెచ్‌డీని కొన్ని వారాలు నిలిపివేసింది కూడా అప్పుడే. థియేటర్లు మూతపడడంతో ఏప్రిల్‌లో ‘అమృతరామమ్’ జీ5లో, సెప్టెంబరు 5న నాని నటించిన ‘వి’ ప్రైమ్ వీడియోలో నేరుగా విడుదలయ్యాయి. మరుసటి ఏడాది వెంకటేశ్ ‘నారప్ప’ కూడా అదే దారిన వచ్చింది. థియేటర్ల భవిష్యత్తు మీద బెంగ పుట్టి, 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి చర్చించి, థియేటర్ విడుదలకూ ఓటీటీకీ మధ్య 8 వారాల ఎడం ఉండాలని నిర్ణయించారు. ఆచరణలో ఆ ఎడం నిలవలేదు, నాలుగు వారాలకే వచ్చేస్తున్న సినిమాలు కోకొల్లలు.

నా దృష్టిలో తెలుగుకు ఆన్‌లైన్ వీడియో చేసిన అసలు మేలు సినిమాలతో జరగలేదు. ప్రసారకాలం పరిమితమైన చానెల్‌లో ఎన్నడూ చోటు దొరకని మనుషులకు ఇక్కడ చోటు దొరికింది. తెనాలి దగ్గరి గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ, నూరేళ్లు దాటిన వయసులో, ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండుతుంటే 2016 నుంచి ‘కంట్రీ ఫుడ్స్’ చానెల్‌లో లక్షలమంది చూశారు. గోటితో అల్లం తొక్క తీయడం, పుచ్చకాయలో కోడికూర వండడం, ఆ నవ్వు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చూశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూస్తే విదేశీ పత్రికలు కూడా రాశాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ‘మై విలేజ్ షో’ బృందం తమ ఊరి యాసను ఏమాత్రం దిద్దకుండా వినిపించింది. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ ఆ వీడియోల్లోంచి 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్ దాకా వెళ్లింది. ఏ సీరియల్ పెద్దింటి పాత్రా మాట్లాడని తెలుగు అది. ఇప్పుడు హాల్లోని పెద్ద తెర మీద, సోఫా ముందు మోగుతోంది.

ఎవరు ఎవరిని చూస్తున్నారు

మన ప్రతి మనకు విడిగా వస్తుంది కాబట్టి మనం ఏం చూస్తున్నామో పంపేవారికి తెలుస్తుంది. స్మార్ట్ టీవీలు మరో అడుగు ముందుకేసి, తెర మీద ఏ బొమ్మ ఉందో గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో కేబుల్, డీవీడీల వివరాలు కూడా సేకరించగలవు. ఇలా 1.1 కోట్ల టీవీల నుంచి యజమానులకు తెలియకుండా సేకరించినందుకు అమెరికాలో విజియో సంస్థ 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది. కొత్త టీవీ పెట్టగానే వచ్చే షరతుల పేజీలో ఈ అనుమతి ఉంటుంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని తీసేయవచ్చు, తీసేసినా సినిమాలు ఆగవు.

భారత ప్రభుత్వం 2021 ఫిబ్రవరి 25న ప్రకటించిన నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు తమ చిత్రాలను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు దాటినవారికి, పెద్దలకు మాత్రమే అంటూ తామే వర్గీకరించాలి, పదమూడు నుంచి పై వర్గాలకు పిల్లల తాళం ఇవ్వాలి, ఫిర్యాదులు వినే అధికారిని నియమించాలి. టీవీ ఇంటందరిదీ కాబట్టి, పిల్లల ప్రొఫైల్ వేరే పెట్టి పెద్దల ప్రొఫైల్‌కు పిన్ వేయకపోతే ఆ తాళం ఉన్నా లేనట్టే.

నెలనెలా డబ్బు కట్టినా సినిమా మనది కాదు. హక్కుల గడువు ముగిస్తే నిన్నటిదాకా ఉన్నది ఈరోజు మాయమవుతుంది. బ్లాక్ అండ్ వైట్ కాలపు తెలుగు చిత్రాల్లో చాలావాటికి ఇప్పుడు దిక్కు పాత వీడియో కంపెనీల యూట్యూబ్ చానెళ్లే. అక్కడున్న ప్రింట్లు కొన్ని క్యాసెట్ల కాలంనాటివి, గీతలు పడి, పక్కలు కోసుకుపోయి ఉన్నాయి. మంచి ప్రింట్లు వెతికి, శుభ్రం చేసి పెట్టే పని ఎవరైనా తలకెత్తుకోవాలి. సబ్‌టైటిళ్లదీ అదే కథ. కొత్త తెలుగు సినిమాకు ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు దాదాపు తప్పకుండా ఉంటాయి, తెలుగు లిపిలో ఉండేవి తక్కువ. చెవి వినపడకపోయినా తెలుగు చక్కగా చదవగల పెద్దవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వారికి కావలసింది ఇంగ్లిషు అక్షరాలు కావు.